మెడవెనుక పేరు

చొక్కా మెడపట్టీకి లోపలివైపున, ధరించినవాని కంటికి గాని ఎదుటనున్నవాని కంటికి గాని కానరాని చోట, రెండంగుళముల గుడ్డపేలిక యొకటి కుట్టబడి యుండును. దానిమీద ఒక పేరుండును. మా చిన్ననాట ఆ పేరు మా వీధి చివరి దర్జీది. ఆయన మెడలో కొలత టేపు వ్రేలాడుచుండ, చెవిసందున పెన్సిలు నిలిపి, మా నాన్నగారి భుజముల కొలత తీసి పొడుగాటి పద్దుపుస్తకములో వ్రాసికొనెడివాడు. పండుగ ముందటి రాత్రి తెల్లవార్లు కాజాలు కుట్టుచు మేలుకొని యుండెడివాడు. ఆయన ఇచ్చిన చొక్కాను తిరగవేసి చూచినచో, ఎఱ్ఱని దారముతో నేసిన చిన్న పట్టీమీద దుకాణము పేరును, దాని క్రింద మా ఊరి పేరును కనబడెడివి. గుండీ యూడినచో ఆ పేరును వెదకికొని పోవలసిన పనిలేదు. పేరునకు మనిషి కలడు, మనిషికి అరుగు కలదు, అరుగుమీద కుట్టుమిషను కలదు. ఇక ఆ గుడ్డ నేసినవాడో, భుజమున మూట వేసికొని ఏడాదికి రెండు పర్యాయములు మా గడప త్రొక్కి, మా అమ్మ ఇచ్చిన మజ్జిగ త్రాగి, బేరము కుదిరినను కుదరకున్నను పిల్లల చదువులు విచారించి పోయెడివాడు. పేరునకును పనిచేసిన చేతికిని నడుమ దూరము ఉండవచ్చునన్న సంగతియే నాకప్పుడు తెలియదు.

ఆ దూరము ఎంతటిదో అరువదేండ్లు దాటిన పిమ్మట, అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున, పాతబట్టలమ్ము చిన్న దుకాణములో తెలిసికొంటిని. మా అమ్మాయి ఆ ఊర ఉద్యోగము చేయుచున్నది. ఒక ఆదివారము సాయంకాలము వానకు తలదాచుకొనుటకై ఇద్దరమును ఆ దుకాణములోనికి పోయితిమి. ఎవరెవరో తొడిగి విడిచిన కోట్లును, గౌనులును, ఉన్ని మేజోళ్ళును కాలక్రమమున వరుసలుగా వ్రేలాడుచుండెను. మా అమ్మాయి ఆ వరుసల నడుమనుండి నన్ను పిలిచెను.

"నాన్నా, ఇలా రండి. ఇది చూడండి, అచ్చం మన లుంగీ గుడ్డలా లేదూ!"

అది పొట్టిచేతుల గళ్ళచొక్కా. నీలిరంగు, పసుపు, ఇటుకరంగు గళ్ళు. కాని ఏ గడియు తన గిరిలో నిలిచియుండలేదు. నీలి పసుపులోనికి ప్రాకి గరికపచ్చ యైనది. ఎఱుపు నీలిలోనికి దిగి నేరేడు ఛాయ పొందినది. మొత్తముమీద ఆ చొక్కా వానలో తడిసిన పొలమువలె నుండెను. మెడవెనుక పట్టీ సగము అరిగినది. దుకాణము పేరొకటి, దాని క్రింద చిన్న అక్షరములలో మూడు ముక్కలు: చేనేత, ఇండియా మద్రాసు, రంగు దిగునని హామీ.

ఆ మూడవ ముక్క నన్ను నిలువబెట్టినది. మన బజారులో గుడ్డలమ్మువాడు రంగు దిగదని ఒట్టు పెట్టును. కొనువాడు కొంగు తడిపి రుద్ది చూచుకొనును. రంగు దిగుట లోపము కాదు, వస్త్రమునకు శోభ యని, అట్లు దిగనిచో మమ్మడుగుడని అచ్చువేసి మెడవెనుక కుట్టించిన వర్తకుని నేను ఎన్నడును చూడలేదు. ఆ హామీ ఇచ్చినవా రెవ్వరు? ఎవరి తరఫున ఇచ్చిరి? ఆ గుడ్డ నేసిన మనిషి ఆ మాట వినియుండునా? వాన వెలిసినది, చొక్కా కొని బయటకు వచ్చితిమి, ప్రశ్న మాత్రము నాతోనే వచ్చినది.

ఆ ఊరికిని మద్రాసు గుడ్డకును పాత చుట్టరికము కలదని పిదప గ్రహించితిని. అచటి విశ్వవిద్యాలయమునకు తన పేరిచ్చిన ఎలిహూ యేల్ 1687 మొదలు 1692 వరకు మద్రాసు కోటలో ఈస్టిండియా కంపెనీ గవర్నరు. 1718లో, అప్పటికింకను పేరుకు నోచుకొనని ఆ చిన్న కళాశాలకు ఆయన కొన్ని వందల పుస్తకములును, రాజుగారి చిత్తరువు నొకదానిని, తొమ్మిది బేళ్ళ సరకును పంపెను. ఆ సరకులో మన దేశపు బట్టలు కలవు. వానిని విక్రయింపగా 562 పౌనులు వచ్చినవట; ఆ సొమ్ము చేరి కట్టడము పూర్తియయ్యెను; దాత పేరు కట్టడమున కెక్కెను. బట్ట పంపినవాని పేరు మూడువందల ఏండ్లుగా ఆ ఊరి నాలుకమీద నున్నది. బేళ్ళలోని బట్ట నేసినవారి పేర్లు ఓడ ఎక్కనే లేదు.

పాతబట్టల పుట్టుక విచారించువారు సహనవంతులు. వారి నేర్పును చూచిన కొలది నాకు గౌరవము పెరిగినది. శాసనపరిశోధకుడు లిపిని చూచి శతాబ్దమును నిర్ణయించినట్లు, వారు ఒక కుట్టును, ఒక జిప్పును, ఒక చిన్న అంకెను చూచి దశాబ్దమును నిర్ణయింతురు. అమెరికాలో 1960 మార్చి నుండి వస్త్రములో ఏ నార ఎంతపాలు కలదో తెలుపవలెనను చట్టము అమలులోనికి వచ్చినది. 1972 జూలై నుండి ఉతుకు విధమును తెలుపు పట్టీని వస్త్రముతోపాటు నిలిచియుండునట్లు కుట్టవలసి వచ్చినది. స్త్రీల దుస్తులు కుట్టు కార్మికులు 1900లో నెలకొల్పిన సంఘము తన చిహ్నమును దుస్తుల లోపల కుట్టించెడిది. ఆ చిహ్నపు రంగు, రూపు మారిన సంవత్సరములు లెక్కలో నున్నవి గనుక, గోరంత సంఘపు పట్టీయే ఒక గౌను వయస్సు చెప్పగలదు. నా చొక్కాకు సంఘపు పట్టీ లేదు. ఉతుకు విధపు పట్టీయు లేదు. ప్రక్క కుట్టులో మాత్రము 'ఆర్. ఎన్.' అను రెండక్షరములును, వాని ప్రక్కన అయిదంకెల సంఖ్యయు కలవు. అది ప్రభుత్వము వర్తకునకు ఇచ్చు నమోదు సంఖ్య. నారను తెలుపు ముక్క ఉన్నది, ఉతుకు ముక్క లేదు. కనుక ఈ చొక్కా 1960కి పిమ్మట, 1972కు ముందు కుట్టినది. ఆ సంఖ్య వెంబడి పోగా ఒక సంస్థ పేరు దొరకినది. ఆ సంస్థ గుడ్డ కొన్నది, కత్తిరించినది, కుట్టించినది, అమ్మినది. నేయలేదు. ఇంత విద్యయు నన్ను తీసికొనిపోయి అంగడి వాకిట విడిచి వెనుకకు మరలినది.

అసలు ఈ పట్టీ ఎప్పుడు పుట్టినదని విచారించితిని. ఇంగ్లాండులోని లింకన్‌షైరులో 1825లో జన్మించిన చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అనునతడు పారిసు చేరి, 1858లో రూ ద లా పే అను వీధిలో భాగస్వామితో కలిసి దుకాణము తెరిచి, తాను కుట్టించిన గౌనుల నడుముపట్టీలకు తన పేరుగల పట్టీని కుట్టించు అలవాటు చేసెను. అంతకుముందు కుట్టుపనివారు ప్రభువుల ఇండ్ల దొడ్డిదారిన వచ్చి దొడ్డిదారిన పోయెడివారు. చిత్రకారుడు పటము మూలను సంతకము చేసినట్లు దర్జీయు సంతకము చేయవచ్చునని వర్త్ లోకమునకు తెలిపెను. ఈ విషయమున నేను ఆయనకు నమస్కరింతును. కాని ఆ ఒక్క సంతకము క్రింద వందలకొలది సూదులు పనిచేసినవి, వానిలో ఒక్కదానికైనను పేరులేదు అనునదియు అంతే నిజము. పేరు పెట్టుకొనుట అను స్వాతంత్ర్యము దర్జీకి వచ్చిన దినముననే, పేరు కోల్పోవుట అను దుఃఖము దర్జీదగ్గర పనిచేయు పిల్లకు ప్రాప్తించినది.

తరువాతి తరములో మదలేన్ వియొన్నే అను స్త్రీ పారిసులో 1912లో తన సంస్థను స్థాపించెను. గుడ్డను ఏటవాలుగా కత్తిరించి, అది ఒడలిని నీరువలె అంటునట్లు చేయుటలో ఆమెకు సాటి లేదందురు. ఆమె దుస్తులను చూచి ఇతరులు దొంగనకళ్ళు తీయుచుండగా, మొదటి మహాయుద్ధము ముగిసిన పిమ్మట ఆమె ఒక ఉపాయము చేసెను: తన పేరుగల పట్టీమీద సంతకముతోపాటు తన బొటనవ్రేలి ముద్రయు వేసెను. మన పల్లెలలో వ్రాయనేరని రైతు నోటుమీద వేసినదియు ఈ ముద్రయే. పేరును ఎవరైనను అచ్చు వేయవచ్చును గాని వ్రేలిగీతలను వేయలేరు గదా! పట్టీ చరిత్ర మొత్తములో నా మనస్సునకు మిక్కిలి నచ్చిన ఘట్టము ఇదియే. అచట పేరు చేతిని సమీపించినది, ఇంచుమించు తాకినది.

తాకకపోయిన ఘట్టములు మాత్రము పెక్కు. వెనిసు నగరమున మరియానో ఫార్చునీ పేరిట ప్రసిద్ధికెక్కిన 'డెల్ఫోస్' అను పట్టుగౌను ఒకటి కలదు. 1907 ప్రాంతమున పుట్టినది. సన్నని మడతలు వేలకొలదిగా పై నుండి క్రిందికి జాలువారును. చుట్టచుట్టి చిన్న పెట్టెలో నుంచుదురు. 1909లో దానికి పేటెంటు పొందినవాడు ఫార్చునీయే. అయితే ఆ పత్రముమీద అతడు స్వహస్తముతో ఒక మాట వ్రాసికొనెను: ఇది కనిపెట్టినది హెన్రియెట్, తొందరచేత దరఖాస్తు నా పేర పెట్టితిని అని. హెన్రియెట్ ఆయన సహచరి, పిదప భార్య. ఆ మాట వ్రాసినందుకు ఆయన మంచివాడే. కాని ఆ వ్రాత పెట్టెలోని కాగితముమీద నుండెను. పట్టీలు మాత్రము ఆయన పేరుతోనే లోకమంతట తిరిగినవి.

ఇక ఆన్ లో కథ నన్ను పెక్కు రాత్రులు వెంటాడినది; దానిని త్వరత్వరగా చెప్పి పోజాలను. ఆమె 1898లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున, క్లేటన్ అను చిన్న ఊర పుట్టెను. ఆమె అవ్వ బానిసత్వములో నుండి బయటపడిన నల్లజాతి స్త్రీ. సూది చేతబట్టి బ్రతుకు దిద్దుకొన్నది. ఆ విద్యను కూతునకు నేర్పినది. కూతురు మనుమరాలికి నేర్పినది. కత్తిరింపులలో మిగిలిన పట్టుముక్కలను పువ్వులుగా చుట్టుట ఆ పిల్లకు ఆటయయ్యెను. జీవితాంతమును ఆమె చేతి గురుతు ఆ గుడ్డపువ్వే. 1914లో, ఆ రాష్ట్రపు గవర్నరు భార్యకై కుట్టుచున్న విందుగౌనులు సగములో నుండగా తల్లి మరణించెను. పదునారేండ్ల పిల్ల కన్నీరు తుడిచికొని ఆ గౌనులను ముగించి ఇచ్చెను. 1917లో న్యూయార్కులోని ఒక కుట్టుబడికి పోగా, శ్వేతజాతి విద్యార్థినులతో కూర్చుండనీయక ఆమెను వేరుగదిలో ఒంటరిగా కూర్చుండబెట్టిరి. అయినను ఆమె పనిని తెచ్చి ఈ గదిలోని వారికి మాదిరిగా చూపిరి. ఈ ఒక్క సంగతిలో ఆమె భావిజీవితమంతయు ఇమిడియున్నట్లు నాకు తోచును: పని ఈ గదికి రావచ్చును, చేయి రాకూడదు.

1947లో ఆస్కారు బహుమానము నందుకొనిన ఒలీవియా డి హావిలాండ్ అను నటి ఆ రాత్రి ధరించిన, చేతితో పువ్వులు చిత్రించిన గౌను ఆన్ లో చేసినదే. దానిపై పట్టీ సోనియా రోసెన్‌బర్గ్ పేరిట నుండెను. 1953 సెప్టెంబరు 12వ తేదీన న్యూపోర్టులో జాన్ కెనడీని వివాహమాడిన జాక్వెలీన్ ధరించిన పెండ్లిగౌనును ఆమెయే కుట్టెను. దంతవర్ణపు పట్టు ఏబది గజములు పట్టినది. ముహూర్తము పదిదినములుండగా పనిగదిలోనికి నీరు చొచ్చి పెండ్లిగౌనును, తోడిపెండ్లికూతుళ్ళ గౌనులు పెక్కింటిని పాడుచేసెను. ఆమె ఎవ్వరితోను మొరపెట్టుకొనలేదు. కొత్తపట్టు తెప్పించి, అదనపు కూలీలను పెట్టి, రాత్రింబవళ్ళు కుట్టి, నియమిత కాలమునకు అందించెను. ఏడువందల డాలర్లు మిగులునని యనుకొన్న చోట రెండువేల రెండువందలు నష్టపడెను. గౌనులు తీసికొని పోయినప్పుడు పనివారి దారిన రమ్మనగా, ముందువాకిటనే వత్తును, లేకున్న గౌనులతో మరలిపోదునని చెప్పి ముందువాకిటనే ప్రవేశించెనని చెప్పుకొందురు. ఆ పెండ్లిచిత్రములు లోకమంతట అచ్చుపడినవి. గౌను ఎవరు కుట్టిరను ప్రశ్నకు నల్లజాతి దర్జీ యన్నదే చాలకాలము జవాబుగా మిగిలెను. ఆమె 1981లో న్యూయార్కులోనే కన్నుమూసెను.

ఇప్పుడామె గౌనులను వస్తుప్రదర్శనశాలలు భద్రపరచుచున్నవి. 2023లో వింటర్‌థర్ మ్యూజియము ఆమె పనికే ప్రత్యేకముగా ప్రదర్శన నేర్పరచినది. పేరులేని గౌను, లేక పరుల పేరుగల గౌను ఆమెదేనని పరిశోధకులు ఎట్లు పోల్చుచున్నారని విచారింపగా తెలిసినది: వారు గౌనును తిరగవేయుదురు. బయటికి కనబడు కుట్టు ఎంత శ్రద్ధతో నున్నదో ఎవరికిని కనబడని లోపలి కుట్టును అంత శ్రద్ధతో నుండును. అంచులు లేసుతో కప్పబడి యుండును. రైక లోపలి నిర్మాణము చేతితో అమర్చబడి యుండును. గుడ్డపువ్వు రేకులు ఒక్కొక్కటి వేరుగా చుట్టబడి యుండును. పట్టీ చెప్పని పేరును గౌను కడుపు చెప్పును. నేను ఇంటికి పోయి నా మద్రాసు చొక్కాను తిరగవేసి దీపము క్రింద పరచుకొంటిని.

పట్టీమీద నేతగాని పేరుండవలసిన చోట ఒక ఊరి పేరున్నది. ఆ ఊరి పేరునందు తెలుగువాని ముద్ర లేకపోలేదు. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నమున దిగిరి. పిదప నెల్లూరు తీరమున దుగరాజుపట్నమున మకాము పెట్టిరి. అచట సరకు చాలక, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకునినుండి మద్రాసపట్నమను ఇసుకతిన్నెను పొందిరి. ఆ చోటును కంపెనీ ఉద్యోగియైన ఫ్రాన్సిస్ డే ఎంచుకొనుటకు చెప్పిన కారణములలో ముఖ్యమైనది ఇదియే: అచట మంచి నూలుగుడ్డ ఇతర స్థలములకంటె నూటికి ఇరువది వంతులు చవుక. గుడ్డకొరకు ఊరు పుట్టినది. ఊరి పేరు గుడ్డకు పెట్టిరి. ఆ పేరు క్రింద గంజాము మొదలు తిరునల్వేలి వరకు గల మగ్గములన్నియు ఒక్కటై మరుగుపడినవి.

ఇంతకును నన్ను బాధించినది రంగు దిగునని హామీ. ఈ తూర్పుతీరము రంగు దిగని అద్దకమునకే కదా లోకమున పేరుపొందినది! ఆల్చిప్పలు కలిసిన సముద్రపుటిసుకలో పెరుగు చిరివేరును త్రవ్వి, గుడ్డను కరక్కాయ కషాయమునను గేదెపాలలోను నానబెట్టి ఎండించి, పటిక పట్టించి, వేరుతో కాచి తీసిన ఎఱుపు, ఉతికిన కొలది వన్నె తేరెడిదే గాని తరిగెడిది కాదు. నిజాంపట్నము చెంత దొరకు వేరునకు 17వ శతాబ్దపు వర్తకులలో ప్రత్యేకమైన గిరాకి. 1868లో జర్మనీ రసాయనికులు అలిజరిను అను ఎఱుపును కృత్రిమముగా చేయుటతో ఆ వేరు త్రవ్వు పలుగు మూలబడెను. అయినను చీరాల ప్రాంతపు తేలియా రుమాలు నేయువారు నూలును ఆముదముతోను బూడిదనీటితోను దినములకొలది పిసికి పిసికి, రంగు దారపు మజ్జకు పట్టునట్లు చేయు విద్యను విడువలేదు. ఆ రుమాళ్ళు అరబ్బు దేశములకు పోయినవి. ఎండలో, చెమటలో, ఏండ్ల తరబడి నిలిచినవి. అట్టి తీరపు గుడ్డకు రంగు దిగుటయే బిరుదముగా ఎట్లు వచ్చినది?

వర్తకులలో చెప్పుకొను కథ ఒకటి కలదు. 1958లో అమెరికా దిగుమతిదారుడొకడు కెప్టెన్ కృష్ణన్ నాయర్ అను ఎగుమతిదారుని వద్ద పదివేల గజముల గళ్ళగుడ్డ కొనెనట. చల్లని నీట మెల్లగా ఉతుకవలెనని అమ్మినవాడు చెప్పెనట. ఆ మాట దుకాణము దాక చేరలేదట. బ్రూక్స్ బ్రదర్స్ వారు దానిని చొక్కాలుగాను కోట్లుగాను కుట్టించి అమ్మగా, ఉతికిన దినముననే రంగులు ఒకదానిలో నొకటి కలిసినవి. వ్యాజ్యమునకు సిద్ధపడిన సమయమున ఎవరికో తోచిన ఉపాయముచేత, సెవెన్టీన్ అను పత్రికలో ఈ గుడ్డ ఉతికినప్పుడెల్ల కొత్తరూపు దాల్చు అద్భుతమని వ్యాసము వచ్చినదట. అంతట యువజనులు ఎగబడిరి. ఆ వేడిలో పుట్టినదే నా చొక్కామీది హామీ.

ఈ కథను ఎన్నిమారులు విన్నను నాకు తనివి తీరలేదు, మనస్సు ఊరడిల్లనూ లేదు. ఇందులో కొన్నవాడు కలడు, అమ్మినవాడు కలడు, కోపించినవారు కలరు, వ్రాసినవారు కలరు. పదివేల గజములు నేసినవారు లేరు. ఒక నేతగాడు దినమునకు ఐదు గజములు నేసెననుకొన్నను, అది ఒక మగ్గమునకు రెండువేల దినముల పని. అనగా పండుగలును, మైలదినములును, వానకు పడుగు తడిసిన దినములును మానివేసిన యెడల ఏడెనిమిదేండ్ల జీవితము. దానికి ముందు నూలు తోడినవారు, రంగుకుండ కడ నిలిచినవారు, వీధిలో పడుగు సాచి గంజి పెట్టినవారు, కండెలు చుట్టినవారు వేరు. ఆ రంగు నిలువనిది యగుటకు ఎవరి తొందర కారణమో, ఎవరి పేదరికము కారణమో, ఏ చవుక రంగుపొడి కారణమో ఎవ్వరును అడుగలేదు. అడిగియుండిన యెడల ఆ కథ ఇంత సుఖముగా ముగిసెడిది కాదు.

మరియొక చోట ఈ గుడ్డకే మరియొక గతి పట్టినది. చీరాల చుట్టుప్రక్కల నేసిన గళ్ళరుమాళ్ళు 'రియల్ మద్రాస్ హాండ్‌కర్చీఫ్' అను పేరుతో పశ్చిమ ఆఫ్రికాకు పోయెడివి. నైజరునది మొగలోని కలబారి జనులు వానిని ఇంజిరి యందురు. పుట్టిన శిశువునకును, గతించిన పెద్దకును ఆ గుడ్డ లేనిదే కార్యము జరుగదు. కలబారి స్త్రీలు సన్నని కత్తిమొనతో ఆ గళ్ళలోని కొన్ని పోగులను ఎంచి కోసి లాగివేసి, మిగిలిన పోగులతో కొత్త నమూనా తేల్చుదురు. దానిని పెలెటె బిటె యందురు. జోఆన్ ఐకర్, టోన్యే ఎరెకోసిమా అను పండితులు ఈ విద్యను గూర్చి శ్రద్ధతో వ్రాసిరి. ఇచట ఒక పోగు వేసిన చేయి, అచట ఆ పోగునే ఎంచి తీసిన చేయి! సముద్రముల కావల, పేర్లు తెలియకయే, ఆ ఇద్దరును ఒక గుడ్డను కలిసి చేసిరి. ఆమె మాత్రము నేతగాని పనిని పోగుపోగుగా చదివినది. అంతటి శ్రద్ధతో ఆ గుడ్డను చూచినవారు వేరొకరు లేరని నా నమ్మకము.

స్వదేశమునకు వచ్చిన పిమ్మట ఆ చొక్కాను సంచిలో పెట్టుకొని చీరాల పోయితిని. అది అచటనే నేసినదనుటకు నా యొద్ద ఆధారము లేదు; తమిళదేశపు మగ్గము కావచ్చును, మరెచటిదైనను కావచ్చును. కాని గుడ్డను చూపవలసినది గుడ్డ తెలిసినవారికి. జాండ్రపేట, వేటపాలెముల వీధులలో ఒకప్పుడు ప్రతి ఇంటను వినబడిన మగ్గపు చప్పుడు ఇప్పుడు ఇంటికింటికి వినబడదు. కొన్ని గుంటమగ్గములు పూడ్చి పైన గచ్చు చేసినారు. ఒక పెంకుటింట మాత్రము ఎనుబదేండ్ల వృద్ధుడు గోడకానుకొని కూర్చుండెను. ఆయన భార్య అరుగుమీద రాట్నము ముందు కండెలు చుట్టుచుండెను. ఆయన పడుచుదనమున ఎగుమతి రుమాళ్ళు నేసినవాడని వీధివారు చెప్పిరి. చొక్కాను ఆయన చేతిలో పెట్టితిని. ఆయన పట్టీవంక చూడనే లేదు. గుడ్డను రెండువ్రేళ్ళ నడుమ నలిపి, వెలుతురునకు పట్టి, చాలసేపు మౌనముగా నుండెను.

"చేనేతేనా, పెద్దాయనా?"

"చేనేతే బాబూ, అనుమానం లేదు. పలక దెబ్బ ఎంత ఒద్దికగా వేసినా ఎక్కడో ఒకచోట తేడా పడుద్ది. మిల్లు గుడ్డకి ఆ తేడా ఉండదు."

"మన చీరాల వైపుదేనంటారా?"

"ఎట్టా చెప్పను? నేసినోడు గుర్తు పెట్టి నేస్తాడా! షావుకారు రంగులు చెప్పేవాడు, గడి చెప్పేవాడు. నేసి ఇచ్చేవాళ్ళం. అది ఏ దేశం పోయిందో, ఎవరు కట్టుకున్నారో మాకేం తెలుసు?"

రంగు దిగునని ఆ పట్టీమీద హామీ ఇచ్చిరని చెప్పితిని. ఆయన నావంక తేరిపార చూచెను. "రంగు దిగితే మా నాయన గుడ్డ తిరక్కొట్టేవాడు, కూలి కూడా పుచ్చుకునేవాడు కాదు" అని మాత్రము అని, చొక్కాను మోకాళ్ళమీద పరచి, చేతితో ముడుతలు తీసెను.

రాట్నము చప్పుడు ఆగినది. అంతవరకును మాటాడని ఆ ముసలామె కన్నులు చిట్లించి చూచుచు, "ఏదీ, ఇటు తే" యని చొక్కాను తీసికొని తిరగవేసెను. చంక క్రింది కుట్టును, ప్రక్క మడతను వ్రేళ్ళతో తడుముచు పోయి, అంచునకు నాలుగంగుళముల పైన ఆగెను. అచట అంగుళమున్నర మేర ఒక పోగు తక్కిన పోగులకంటె లావుగా నుండెను. నేను ఆర్నెల్లుగా ఆ చొక్కాను తిరగవేయుచున్నను దానిని చూడలేదు.

"ఇదిగో, ఇక్కడ కండె అయిపోయింది. కొత్త కండె పెట్టి నాడె విసిరాడు. చూడు, పాత పోగు, కొత్త పోగు కలిసి వచ్చినై."

ముసలాయన వంగి చూచి తల యూపెను. ఆమె ఆ చోటున బొటనవ్రేలు ఆనించి, తీయక, తనలో తాననుకొనినట్లుగా అనెను:

"ఎవరు చుట్టిందో ఏమో!"